వికీపీడియాలో మీ ఊరి పేజీ: నలుగురితో కలిసి దిద్దడం ఎలా

ముందు ఫోను తీసి మీ ఊరి పేరు, పక్కన వికీపీడియా అని కొట్టి వెతకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీది ఎంత చిన్న పల్లె అయినా తెలుగు వికీపీడియాలో దానికొక పేజీ ఉండే అవకాశమే ఎక్కువ. తెరిస్తే ఇలా ఉంటుంది: ఫలానా మండలంలోని గ్రామం, సమీప పట్టణం నుంచి ఇన్ని కిలోమీటర్లు, 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు. ఆ తరువాత బడి, వైద్యం, తాగునీరు, రవాణా అంటూ ఒక్కోదానికి ఒక్కో పొడి వాక్యం. పక్క ఊరి పేజీ తెరిచినా అవే వాక్యాలు, అంకెలు మాత్రమే వేరు. జనగణన పట్టికల నుంచి మూకుమ్మడిగా ఎక్కించిన సమాచారం అది.

మొదట్లో ఆ పేజీలు చూసి నేనూ నవ్వాను. దిద్దడం మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. ఆ పొడి వాక్యాలు ఎవరి గొప్పలూ చెప్పవు, ప్రతి అంకె వెనుకా చూపించడానికి ఒక పుస్తకం ఉంది. ఊరి మీద ప్రేమతో మనం చేర్చే వాక్యాలకు చాలాసార్లు ఆ రెండూ ఉండవు. మాది విజయనగరం జిల్లా. ఊరి పేజీలు దిద్దుతూ నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలని ఇదంతా వరుసగా చెబుతున్నాను.

ఖాతా, కీబోర్డు

ఖాతా లేకుండా కూడా దిద్దవచ్చు. అయినా తెరవండి, రెండు నిమిషాల పని. ఖాతా ఉంటే మీకంటూ ఒక వాడుకరి పేజీ, దానికి జతగా ఒక చర్చ పేజీ వస్తాయి. మీ మార్పు గురించి ఎవరైనా అడగాలనుకుంటే అక్కడికే వచ్చి అడుగుతారు. అసలు పేరు పెట్టుకోవాలన్న నియమం లేదు. యువజన సంఘం పేరో, ఆలయ కమిటీ పేరో మాత్రం పెట్టకండి. ఒక ఖాతా వెనుక ఒక మనిషే ఉండాలి.

ఫోనులో తెలుగు కీబోర్డు ఎలాగూ వాడుతూ ఉంటారు. కంప్యూటర్లో అయితే వికీపీడియాలోనే తెలుగు టైపింగు సౌకర్యం ఉంది. కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కి దాన్ని వేసుకోవచ్చు, తీసేయవచ్చు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఊరి ఆలయ చరిత్రో, జాతర కరపత్రమో డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు మీ దగ్గర ఉండవచ్చు. దాన్ని తీసుకొచ్చి అతికిస్తే వికీలో పిచ్చి గీతలు వస్తాయి. వికీలో పనిచేసే యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి కానీ, మార్చినంత మాత్రాన ఆ పాఠం మొత్తాన్ని ఎక్కించే హక్కు మనకు రాదు. రాసినవారి హక్కులు రాసినవారివే. చదివి, అర్థం చేసుకుని, సొంత మాటల్లో రాయాలి.

మొదటి మార్పు చిన్నదే చేయండి

ఏమీ ముట్టుకోకముందు పేజీ పైన ఉన్న 'చరిత్ర' తెరవండి. పేజీ పుట్టినప్పటి నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. అది చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఈ పేజీ మీద మీకంటే ముందు ఎవరో కష్టపడ్డారు. రెండోది, పాత కూర్పులన్నీ భద్రంగా ఉంటాయి కనుక మీరేం చేసినా పేజీ శాశ్వతంగా పాడైపోదు. భయం తీరకపోతే 'ప్రయోగశాల' అనే పేజీ ఉంది, అక్కడ ఎంత గందరగోళం చేసినా అడిగేవారు లేరు.

పేజీ మీ ఊరిదేనా అన్నది కూడా చూసుకోండి. మన వైపు వలసలు, పేటలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. కొత్తవలస అంటే ఒక్క ఊరు కాదు. అందుకే పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు పెట్టే పద్ధతి తెలుగు వికీలో ఉంది. మండలం చూడకుండా దిద్దితే మీ ఊరి రామాలయం వేరే ఊళ్లో వెలుస్తుంది.

ఇప్పుడు ఒక అక్షర దోషం వెతికి సరిచేయండి. భద్రపరిచే ముందు కింద 'దిద్దుబాటు సారాంశం' అనే చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో 'అక్షర దోషం సవరణ' అని రాయండి. ఎంత పెద్ద మార్పుకైనా ఇదే అలవాటు: 'బడి పేరు సరిచేసి మూలం చేర్చాను', 'రెండు సార్లు వచ్చిన పేరా తీసేశాను'. కొత్త ఖాతా, ఖాళీ సారాంశం, పేజీలో సగం మాయం. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే కాపలా కాసేవారు దుశ్చర్య అనుకుని వెంటనే తిప్పేస్తారు. వారిని తప్పుపట్టలేం.

మీ ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో ఉంది?

మన రెండు జిల్లాల పేజీల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

పార్వతీపురాన్నే తీసుకోండి. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి తాలూకాలతో పాటు ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాకు తానే కేంద్రమైంది. ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా నాలుగు జిల్లాలు చూసిన పట్టణం అది. అదే 2022 మార్పుల్లో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని మన్యం జిల్లాలోకి వెళ్లాయి.

ఇది చూసి ఉత్సాహవంతులు ఏం చేస్తారంటే, సంతకవిటి మండలంలోని ఊరి పేజీలో 'శ్రీకాకుళం' కనిపించిన ప్రతిచోటా 'విజయనగరం' అని మార్చేస్తారు. నేనూ అదే చేశాను, వరుసగా డజను పేజీల్లో. అందులో 'పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది' అన్న వాక్యం కాస్తా 'పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం విజయనగరం జిల్లాలో ఉండేది' అయిపోయింది. ఎవరో ఓపికగా అన్నీ వెనక్కి తిప్పి, నా చర్చ పేజీలో ఒక్క ముక్క రాశారు: 'పేజీ మొత్తం చదివి మార్చగలరు.'

కాబట్టి ఇలా చేయండి. కుడివైపు సమాచారపెట్టెలోనూ, మొదటి వాక్యంలోనూ ఇప్పటి జిల్లా ఉండాలి. జనగణన అంకెలున్నచోట వాటిని కదపవద్దు. 2011 నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా పుస్తకంలోనే ఆ అంకెలు ఉంటాయి. జిల్లా పేజీలకూ ఇదే వర్తిస్తుంది. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114 అన్నది పాత జిల్లా లెక్క. దాన్ని ఇప్పటి జిల్లా పటం పక్కన సంవత్సరం చెప్పకుండా పెడితే అంకె సరైనదే అయినా వాక్యం అబద్ధమవుతుంది.

మనుషుల పేజీల్లో ఇంకా జాగ్రత్త కావాలి. గిడుగు రామమూర్తి 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. అప్పుడది గంజాం జిల్లా. గంజాం ఇప్పుడున్న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936లో, శ్రీకాకుళం జిల్లా 1950లో. కనుక 'శ్రీకాకుళం జిల్లాలో జన్మించారు' అని రాయకుండా 'అప్పటి గంజాం జిల్లాలో, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో' అని రాస్తే ఎవరికీ పేచీ ఉండదు. బొబ్బిలిలో 1940లో పుట్టిన మనిషికి విశాఖపట్నం జిల్లా, 1960లో పుట్టినవారికి శ్రీకాకుళం జిల్లా అన్నమాట.

తాతయ్య చెప్పారంటే చాలదు

మా ఊరి చెరువు 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో కూలికి గింజలు కొలిచి తవ్వించినదని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఖాతా తెరిచిన వారంలోనే ఆ సంగతి పేజీలో రాశాను. మర్నాటికి ఆ వాక్యం చివర 'ఆధారం చూపాలి' అన్న ముద్ర పడింది. కోపం వచ్చింది. మా చెరువు సంగతి నాకంటే వాళ్లకు ఎక్కువ తెలుసా అనుకున్నాను. తెలుసని వాళ్లూ అనలేదు. చదివే మూడో మనిషి దీన్ని ఎక్కడ సరిచూసుకోవాలని మాత్రమే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కొన్నాళ్లకు ఆ వాక్యాన్ని నేనే తీసేశాను. చెరువు విస్తీర్ణం ఒక ప్రభుత్వ నివేదికలో దొరికితే అది పెట్టాను. తాతయ్య మాట చర్చ పేజీలో ఉంది, ఆధారం దొరికిన రోజు తిరిగి వస్తుంది.

మీరు వెతకాల్సిన చోట్లు ఇవి. 2011 జనగణన జిల్లా పుస్తకంలో గ్రామాలవారీగా సౌకర్యాల పట్టికలు ఉంటాయి. జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకాలు, పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతాయి. గుడిలో శాసనం ఉంటే దక్షిణ భారత శాసనాల సంపుటాలు తిరగేయండి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు ఐదో సంపుటంలో అచ్చయ్యాయి. దినపత్రికల జిల్లా పేజీల్లో బడి శతాబ్ది వేడుక మీదో, జాతర మీదో వార్తలు వస్తూనే ఉంటాయి. కత్తిరించి దాచుకునేటప్పుడు వార్త ఒక్కటే కత్తిరించకండి. పత్రిక పేరు, తేదీ, ఏ జిల్లా ఎడిషన్, ఎన్నో పేజీ, ఇవి వెనుక రాసి పెట్టుకోండి. అవి లేని ముక్క మూలంగా పనికిరాదు.

వాట్సాప్‌లో తిరిగే ఊరి చరిత్రలు పనికిరావు. కుటుంబాలవారు వేసుకునే వంశ చరిత్రలు కూడా దాదాపు అంతే. బొబ్బిలి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా 1757 జనవరి 24 నాటి యుద్ధంలో తమ వాళ్లున్నారని చెప్పేవారు ఒకరైనా దొరుకుతారు. ఉండే ఉండవచ్చు. ఊరి పేజీలో చేరాలంటే మాత్రం ఎవరైనా చరిత్రకారుడు రాసి ఉండాలి.

ఇంకో మాయ గురించి కూడా చెప్పాలి. వికీలో ఆధారం లేకుండా ఉన్న వాక్యాన్ని ఒక విలేకరి వార్తలో వాడుకుంటారు. ఆరు నెలల తరువాత ఆ వార్తనే తెచ్చి అదే వాక్యానికి మూలంగా పెడతారు. పేజీ చరిత్రలో ఆ వాక్యం చేరిన తేదీ, వార్త తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ముందో తెలిసిపోతుంది.

పచ్చని పొలాలు, ప్రముఖులు

'ప్రకృతి ఒడిలో పాడిపంటలతో కళకళలాడే ఈ సుందర గ్రామ ప్రజలు కష్టజీవులు, కలుపుగోలు మనుషులు.' ఇలాంటి వాక్యం రాయాలని మీకూ అనిపిస్తుంది. రాసి, పక్క ఊరికి కూడా ఇది సరిపోతుందా అని చూడండి. సరిపోతే తీసేయండి. దాని బదులు 'ఇక్కడి ప్రధాన పంటలు వరి, మొక్కజొన్న. సాగునీటికి తోటపల్లి కాలువ ఆధారం' అని రాసి మూలం పెడితే చదివినవారికి మీ ఊరు కనిపిస్తుంది.

భాష గురించి ఎక్కువ చెప్పను. పత్రికలో రాసినట్టు రాయండి. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు పుట్టిన నేల మీద కూర్చుని 'గ్రామమునందు కలదు' అని రాయడం ఏమీ బాగుండదు. ఆంగ్ల వ్యాసాన్ని యంత్రంతో తిప్పి అలాగే పడేయడం కూడా వద్దు. దాన్ని దిద్దడం కంటే కొత్తగా రాయడమే సులువు.

'ప్రముఖులు' అన్న విభాగం ఊరి పేజీకి తేనెపట్టు లాంటిది. ఎవరు ముట్టుకున్నా కుడుతుంది. ఎన్నికలు వస్తున్నాయంటే 'యువ నాయకులు, సమాజ సేవకులు' అందులో వరుసగా చేరుతుంటారు, కొందరు తమ ఫోను నంబరుతో సహా. ఆ వ్యక్తి గురించి తనకు సంబంధం లేని పుస్తకాలు, పత్రికలు విపులంగా రాశాయా అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి. లేదంటే మర్యాదగా తీసేసి, కారణం సారాంశంలో రాయండి. ఆ వ్యక్తి మీ మేనమామే అయితే మీరు ముట్టుకోకండి, చేర్చడానికైనా తీయడానికైనా. చర్చ పేజీలో బంధుత్వం చెప్పి, మరొకరిని చూడమని అడగండి.

మీరు రాసింది ఎవరో మార్చేస్తే

ఇది తప్పకుండా జరుగుతుంది. నాకు జరిగింది చెబుతాను.

ఒక ఊరి పేజీలో 'గ్రామానికి తూర్పున గెడ్డ ప్రవహిస్తుంది' అని రాశాను. మన వైపు గెడ్డ అంటే ఏమిటో చెప్పాలా! రెండు రోజుల తరువాత చూస్తే 'గ్రామానికి తూర్పున గడ్డ ఉంది' అని ఉంది. సారాంశంలో 'అక్షర దోషం సవరణ'. నేను మళ్లీ గెడ్డ చేశాను. మళ్లీ గడ్డ అయింది. మూడోసారి నా వేలు రద్దు మీటను నొక్కబోయి ఆగింది, ఎందుకంటే ఇలా ఇద్దరూ తిప్పుకుంటూ పోతే నిర్వాహకులు ఇద్దరినీ కొన్నాళ్లు ఆపేయగలరని అప్పటికే చదివి ఉన్నాను.

పేజీకి జతగా ఉన్న 'చర్చ' తెరిచి ఇలా రాశాను: 'నమస్కారం. గెడ్డ అక్షర దోషం కాదండీ. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. పెద్దగెడ్డ జలాశయం, మేఘాద్రిగెడ్డ జలాశయం పేర్లు చూడండి. పాఠకులకు తెలియకపోవచ్చు కనుక "గెడ్డ (వాగు)" అని రాద్దామా?' చివర నాలుగు టిల్డేలు (~~~~) కొట్టాను. అలా కొడితే పేరు, తేదీ, సమయం వాటంతటవే పడతాయి; చర్చలో సంతకం లేకుండా రాయవద్దు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. 'క్షమించండి, మాది గుంటూరు, ఈ మాట నాకు కొత్త. మీరు చెప్పినట్టే మార్చాను. ఇలాంటివి ఇంకొన్ని పేజీల్లో నేనే గడ్డ చేశాను, వాటినీ సరిచేస్తాను.' ఆయన అన్నట్టే ఆ రాత్రి ఒక్కో పేజీ తెరిచి తన తప్పు తానే దిద్దుకోవడం 'ఇటీవలి మార్పులు' పేజీలో చూస్తూ కూర్చున్నాను. మా ఇద్దరికీ ముఖ పరిచయం ఇప్పటికీ లేదు. నా పేజీల్లో ఒత్తులు, పొల్లులు సరిచేసేది మాత్రం ఎక్కువగా ఆయనే.

ఆ చర్చలో పనిచేసింది ఏమిటో చూడండి. ఎవరి ఊరు, ఎవరికి ఎక్కువ తెలుసు అన్న ప్రసక్తి తేలేదు. రెండు ఉదాహరణలు చూపించాను, ఒక మధ్యేమార్గం అడిగాను. ఇలా చేసినా తేలకపోతే 'రచ్చబండ' అనే ఉమ్మడి చర్చా వేదికలో పెట్టండి. అక్కడ నలుగురూ చూస్తారు. జవాబు ఒక పూటలో రావచ్చు, వారం కూడా పట్టవచ్చు. అందరూ జీతం లేని కాపలాదారులే, ఇల్లూ ఉద్యోగమూ చూసుకుని వస్తారు.

అందరూ ఒకచోట కూర్చుంటే

నెలకొక ఆదివారం ఐదారుగురు గ్రంథాలయంలోనో, ఒకరింట్లోనో కలిస్తే పని భలే సాగుతుంది. మొదటిసారి మేం ఏడుగురం కలిశాం, ఒక్కరి ఫోను హాట్‌స్పాట్ మీద అందరం ఖాతాలు తెరవబోయాం. ఆరు తెరుచుకున్నాయి, ఏడోది తెరుచుకోలేదు. ఒకే కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాలకే అనుమతి ఉంటుంది. అందుకే ఖాతాలు ముందురోజు ఎవరి ఇంట్లో వారు తెరిచి రావాలి.

అందరూ ఒకే పేజీ మీద పడితే దిద్దుబాటు ఘర్షణ వస్తుంది. ఒకరు భద్రపరిచేలోగా మరొకరు భద్రపరిస్తే, రెండోవారి ముందు రెండు కూర్పులూ పెట్టి ఏది ఉంచాలో తేల్చమంటుంది. కొత్తవారు అక్కడ కంగారుపడి మొదటివారి పనిని చెరిపేస్తారు. విభాగాలు పంచుకోండి: ఒకరికి సాగునీరు, ఒకరికి బడులు, ఒకరికి గుడి. టైపింగు రానివారిని పంపేయకండి. పాత పత్రికలు తిరగేసి తేదీలు, పేజీ సంఖ్యలు చదివి చెప్పేవారు ఒకరుంటే ఇద్దరు టైపు చేసేవారికి సరిపడా పని దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. చర్చలో ఒకరు ఓడిపోతుంటే మిగతా ఐదుగురూ వెళ్లి 'నేనూ సమ్మతిస్తున్నాను' అని రాయడం. వికీలో తల లెక్క చూడరు, కారణం చూస్తారు. పైగా అన్నీ ఒకే మనిషి ఖాతాలన్న అనుమానం వస్తే ఆ మచ్చ తుడుచుకోవడం కష్టం.

ఫొటోల సంగతి

మీరు తీసిన ఫొటోనే పెట్టండి. స్టూడియో వారు తీసినది, పత్రికలో వచ్చినది, గూగుల్‌లో దొరికినది పనికిరాదు. వికీపీడియా ఫొటోలు దాచే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించేటప్పుడు, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సుకు మీరు ఒప్పుకుంటున్నట్టు లెక్క. తరువాత మనసు మార్చుకుంటే కుదరదు. ఫైలుకు ఊరు, మండలం, ఏం కనిపిస్తోంది అన్నవి పేరులోనే పెట్టండి. గుడి గోపురం అందరూ తీస్తారు. ఊరి పేరు కనిపించే బోర్డు, బడి, చెరువు మదుము, సంత, బస్సు ఆగే చెట్టు కూడా తీయండి.

పేజీని వదిలిపెట్టకుండా

పేజీ పైన ఉన్న నక్షత్రం గుర్తు నొక్కితే అది మీ వీక్షణ జాబితాలో చేరుతుంది. ఇక మీ ఊరి పేజీలో ఎవరు చెయ్యి పెట్టినా ఆ జాబితాలో కనిపిస్తుంది. వారానికి ఒకసారి చూస్తే చాలు.

ఏదో ఒక రోజు కొత్త ఖాతా ఒకటి కనిపిస్తుంది. హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లిన మీ ఊరి మనిషే కావచ్చు. మూలం లేకుండా, సారాంశం లేకుండా, మూడు అక్షర దోషాలతో, తాను చదువుకున్న బడి గురించి రెండు వాక్యాలు చేర్చి ఉంటారు. రద్దు మీట నొక్కకండి. దోషాలు సరిచేయండి, ఆ బడి మీద వచ్చిన వార్త మీ కత్తిరింపుల్లో ఉంటే మూలంగా తగిలించండి. తరువాత వారి వాడుకరి చర్చ పేజీ తెరిచి, స్వాగతం మూస (ముందే సిద్ధంగా ఉండే స్వాగత సందేశం) పెట్టి, దాని కింద 'మీరు ఏ సంవత్సరం బ్యాచ్ అండీ?' అని అడిగి, నాలుగు టిల్డేలు కొట్టండి.